ఉక్రెయిన్‌కు ఇచ్చిన ఎం777 ఫిరంగులు ఎన్ని పోయాయో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

ప్రధానంగా ఫొటోలు, వీడియోల నుంచే. 2022 ఏప్రిల్‌లో అమెరికా వీటిని ఇస్తామని ప్రకటించింది, కెనడా, ఆస్ట్రేలియా కూడా కొన్ని ఇచ్చాయి. ఓరిక్స్ లాంటి ఓపెన్ సోర్స్ బృందాలు (అందరికీ దొరికే సమాచారం నుంచి లెక్కలు కట్టేవాళ్లు) ఫొటోనో వీడియోనో ఉంటేనే లెక్కలో వేస్తాయి కాబట్టి వాళ్ల అంకె కనీస సంఖ్య అనుకోవాలి, అసలు నష్టం ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

గుర్తుపట్టడం మరీ కష్టం కాదు. ఎం777కి ముందు రెండు, వెనక రెండు కాళ్లు, సోవియట్ డీ-30 ఫిరంగికి మూడే. అసలు తలనొప్పి తర్వాత మొదలవుతుంది. డ్రోన్ వీడియోలో పొగ లేచినంత మాత్రాన ఫిరంగి ధ్వంసమైనట్టు కాదు, దెబ్బతిన్నవాటిని పోలండ్‌లో బాగుచేయించి మళ్లీ వాడారు. ఒకే ఫిరంగి రెండు వీడియోల్లో కనిపిస్తే రెండుసార్లు లెక్కపడుతుంది, అందుకే చెట్ల వరుసలు, పొలాల హద్దులు శాటిలైట్ చిత్రాలతో పోల్చి చోటు ఎక్కడో తేలుస్తారు. పైగా రష్యా ఖరీదైన డ్రోన్లు వృథా చేసుకోవాలని ఉక్రెయిన్ వాళ్లు డమ్మీ ఎం777లు కూడా పెట్టారు! రష్యా రక్షణ శాఖ చెప్పే అంకెల్ని నేనైతే ఫొటో లేకుండా నమ్మను. ఉక్రెయిన్ తన నష్టాల వివరాలు ఎలాగూ బయటపెట్టదు.