పాపకు డబ్బు పాఠాలు: 9,000 కట్టాలా, వద్దా?

ప్రశ్న: మాది రాజాం. మావారు జూట్ మిల్లులో చేస్తారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. పాప తొమ్మిదో తరగతి. బ్యాంకు పనులు, ఖర్చుల లెక్క, వడ్డీ లాంటివి నేర్పే జీవన నైపుణ్యాల క్లాసు వాళ్ల బడిలో కొత్తగా పెట్టారు. ఫీజు విడిగా 9,000. ఇవి నిజంగా పనికొస్తాయా, ఆ డబ్బు దాచుకోవడం నయమా?

జవాబు: నన్నడిగితే కట్టొద్దమ్మా. క్లాసు చెడ్డదని కాదు. విన్నది వాడే రోజు వచ్చేసరికి మరిచిపోతారు. నేనే చూడండి, పదో తరగతిలో చక్రవడ్డీ లెక్క ఒక్కటీ తప్పు చేయలేదు. మొదటి జీతం రాగానే వాయిదాల మీద బండి కొని, ఎంత వడ్డీ కడుతున్నానో ఏడాది దాకా చూసుకోలేదు.

2014లో 201 అధ్యయనాలను కలిపి చూస్తే, మనుషుల డబ్బు అలవాట్లలోని తేడాల్లో ఇలాంటి పాఠాల వాటా వెయ్యో వంతేనని తేలింది. తర్వాత 76 ప్రయోగాలను కలిపి చూసినవారు మాత్రం ఫలితం ఉందనే అన్నారు. బ్రెజిల్‌లో దాదాపు 900 హైస్కూళ్లలో నేర్పి చూశారు. పిల్లలు పొదుపు పెంచారు, వాయిదాల మీద కొనడమూ పెంచారు! కానీ పిల్లలు ఇంటికి తెచ్చిన లెక్కల వల్ల అమ్మానాన్నలకూ డబ్బు సంగతులు తెలిశాయి. నాకు నచ్చింది అదే. అమెరికాలోనేమో డబ్బు పాఠాల కంటే అదనంగా చెప్పిన లెక్కల క్లాసులే మేలు చేశాయట. కాబట్టి పాపకు లెక్కల ట్యూషన్ ఉంటే మాన్పించకండి.

మీ వీధిలో చీటీ పాట జరిగితే పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. లక్ష చీటీ, ఇరవై మంది, నెలకు 5,000 అనుకుందాం. ఒకరు 20,000 తగ్గించి పాడితే చేతికొచ్చేది 80,000. ఆ 20,000లో నడిపేవారి కమిషన్ 5,000 పోగా, మిగిలిన 15,000 పంచితే తలకు 750. ఈ లెక్క తనతోనే వేయించండి. ఈ చీటీ రిజిస్టరైందా అని కూడా తనతోనే అడిగించండి, పెద్దవాళ్లం మొహమాటపడి అడగం. అలాగే రెండు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే ఏడాదికి 12,000 అవుతుంది. అదే బంగారం బ్యాంకులో పెట్టి 9 శాతానికి తెస్తే 4,500. ఈ తేడా చూపిస్తే చాలు, నోట్సు అక్కర్లేదు.

పదేళ్లు దాటిన పిల్లలు పోస్టాఫీసులో సొంతంగా ఖాతా తెరవొచ్చు, 500 చాలు. ఆ 9,000ను నెలకు 150 చొప్పున పాప పేరున ఐదేళ్ల ఆర్‌డీలో వేయండి. 6.7 శాతం లెక్కన 10,700 దాకా వస్తుంది. పెద్ద మొత్తమేం కాదు. కానీ ప్రతి నెలా కౌంటరు దగ్గర నిలబడి కట్టేది తనే అయ్యుండాలి.

ఫీజు ఇప్పటికే కట్టేసి ఉంటే దిగులొద్దు. అక్కడిచ్చే పనులు ఇంట్లో మీ ముందు చేయించండి. శనివారం మాత్రం మీ కుట్టు లెక్కల పుస్తకం తన చేతికివ్వండి: దారానికెంత, ఫాల్స్ కుట్టించుకుని ఇంకా ఇవ్వనివాళ్లెవరు, ఎంత.