దీనికి నీళ్లు పెట్టినావా?

అనంతపురం

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను.

రైతు తెల్లారేసరికి ఎద్దయ్యాడు, సరే. కొమ్ములు, గిట్టలు, గంగడోలు, తోక అంటూ ఐదు పేజీలు నింపావు. ఆరో పేజీలో వాళ్లావిడ కొడుకును "దీనికి నీళ్లు పెట్టినావా?" అని అడుగుతుంది. అక్కడ నాకు గొంతు పట్టేసింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని ఆమె 'దీనికి' అనేసింది. కొమ్ములు మొలిచినా మిగిలిన మనిషి ఆ ఒక్క మాటతో పోయాడు. నువ్వు అది గమనించనే లేదు, మళ్లీ తోక దగ్గరికి వెళ్లిపోయావు.

తెలుగులో 'వచ్చాడు' కాస్తా 'వచ్చింది' అయితే చాలు, మగవాడు పశువైపోతాడు. అదే వాళ్లావిడ ఆవుగా మారిందనుకో, ముందూ 'వచ్చింది', తర్వాతా 'వచ్చిందే'. మన వ్యాకరణం ఆడమనిషినీ ఆవునూ ఒకే గాటికి కట్టేసింది. అది వేరే కథ, ఎప్పుడైనా రాయి.

మనిషి తెల్లారేసరికి పురుగైపోయే కాఫ్కా కథ 'మెటమార్ఫసిస్' 1915లో అచ్చయింది. అందులో అన్నకు కొన్నాళ్లు తిండి పెట్టిన చెల్లెలే చివరికి, దీని ముందు మా అన్న పేరు పలకను, దీన్ని వదిలించుకోవాలి అంటుంది. తెల్లారేలోపు అతని ప్రాణం పోతుంది. అట్ట మీద పురుగు బొమ్మ వేయొద్దని కాఫ్కా ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. నువ్వు ఐదు పేజీలు వేసింది ఆ బొమ్మే.

పక్షవాతంతో మంచాన పడ్డ మా జేజినాయన మీద నేనూ ఒక కథ రాశాను. ఇంట్లో మొదట "ఆయన తిన్నాడా?" అనేవాళ్లు. తర్వాత "తిండి అయిందా?" చివరికి "ఆ మంచం తుడిచినారా?" నా కథలో ఆయన్ని ఆఖరి పేజీలో 'అది' అని రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు అన్నిచోట్లా 'ఆయన' అని దిద్ది వేశాడు. బస్టాండులో పత్రిక కొని అక్కడే చదివి, చీకటి పడేదాకా ఇంటికి పోలేదు. ఆ దిద్దుబాటును ఇప్పటికీ క్షమించలేదు.

ఎద్దు రైతు కష్టానికి ప్రతీక అని ఉత్తరంలో రాశావు. ఆ మాట కొట్టెయ్. ఇప్పుడు అందరికీ ప్రతీకల పిచ్చి పట్టింది. ప్రతీకకు ఎవరు నీళ్లు పెడతారు?

అరణ్యపర్వంలో కర్కోటకుడు కాటేసి నలుడి రూపం మారిపోయినా, అతను వండిన మాంసం రుచి చూసి దమయంతి గుర్తుపట్టింది. నీ రైతుకూ అలాంటిది ఒకటి ఇవ్వు. కొడుకు మడక పట్టనీ. శనక్కాయ చేన్లో రాయి ఉన్న చోటికి రాగానే ఎద్దు ఎవరూ చెప్పకుండానే పక్కకు జరగనీ. అప్పుడు కొడుకు నోట "వీడికి తెలుసే!" అని రావాలి. దీనికి కాదు, వీడికి.

ఎద్దును అలా అంటారా అని అనుమానపడకు. మా నాయన తన ఎద్దును ఏనాడూ 'అది' అనలేదు. "వాడు పొద్దున్నుంచి మేత ముట్టలేదు" అని తనూ తినేవాడు కాదు. కరువులో సంతకు తోలుకుపోయిన రోజు, పలుపు కొన్నవాడి చేతిలో పెడుతూ మాత్రం "పొడుస్తుంది, జాగ్రత్త" అన్నాడు. వాడు ఎవరినీ పొడిచి ఎరగడు.

ఆ ఐదు పేజీలు తీసెయ్. నీ కథలో కూడా సంత ఉంది కదా, అక్కడ పలుపు అప్పగించేటప్పుడు కొడుకు ఏమంటాడో రాసి పంపు.