క్లచ్ పెడల్ లేని లారీతో సాలూరు ఘాట్

ప్రశ్న: నేను 19 ఏళ్లుగా విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ వైపు లారీ నడుపుతున్నాను. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగిపోయింది. మా ఓనరు గారు ఈసారి క్లచ్ పెడల్ లేని బండి కొందామంటున్నారు. గేరు నా చేతిలో లేకపోతే సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్‌లో లోడు బండి నా అదుపులో ఉంటుందా?
– ఒక డ్రైవరు, గజపతినగరం

జవాబు: ఉంటుంది, అయితే దిగుడులో గేరును మీరే ఎంచుకోవాలి. మన సరుకు లారీలలో ఆటోమేటిక్ పేరుతో వస్తున్నవి చాలావరకు ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) రకానివి. వాటి లోపలి పళ్లచక్రాలూ క్లచ్ ప్లేటూ మీకు అలవాటైన గేరు బాక్సులో ఉండేలాంటివే. మీ కాలూ చెయ్యీ చేసే పనిని మాత్రం కంప్యూటరు ఆజ్ఞపై, ఎక్కువగా గాలి ఒత్తిడితో కదిలే పరికరాలు చేస్తాయి. కొన్ని కార్లలో క్లచ్‌కు బదులు నూనె ద్వారా ఇంజను శక్తిని అందించే టార్క్ కన్వర్టరు వీటిలో ఉండదు. ఈ తేడా తెలియనివారు ఎగుడులో బండి ఆగినప్పుడు బ్రేకు వేయకుండా ఎక్సలేటరుతో నిలబెడతారు. అప్పుడు క్లచ్ ప్లేటు జారుతూ కాలిపోతుంది. కాలికి క్లచ్ తగలదు గనుక ఆ జారుడు డ్రైవరుకు సులువుగా తెలియదు, మాడిన వాసన వచ్చేసరికి ప్లేటు పాడయిపోయి ఉండవచ్చు.

ఇక మీరు భయపడుతున్న దిగుడు సంగతి. ఇంజను వేగం, బరువు, వాలు ఎంతో కంప్యూటరు లెక్క కడుతుంది గానీ, సాధారణంగా ముందున్న మలుపు దానికి తెలియదు. మీకు 19 ఏళ్లుగా తెలుసు. వాలులో వేగం పెరిగితే అది పై గేరుకు పోవచ్చు. అందుకే కొరాపుట్ వైపు నుంచి లోడుతో వస్తున్నప్పుడు, ఘాట్ మొదలు కాకముందే మాన్యువల్ మోడ్‌లోకి మార్చి, చిన్న గేరు వేసి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగ దారిని మూసి వేగాన్ని అదుపు చేసేది) పెట్టుకోండి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట, కానీ ఈనాటి బండ్లకు దిగుడులో అంతకంటే చిన్న గేరు అవసరం కావచ్చు. కాలి బ్రేకును అదేపనిగా తొక్కిపెడితే డ్రమ్ములు వేడెక్కి లైనర్లు పట్టు కోల్పోతాయి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం. పైగా అందులో పొదుపు కూడా లేదు. ఈనాటి ఇంజన్లలో గేరులో ఉండి ఎక్సలేటరు వదిలితే డీజిలు సరఫరా ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనైతే ఇంజను తిరగడానికి డీజిలు కాలుతూనే ఉంటుంది.

మీ మోకాలి విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. విశాఖ పోర్టు దగ్గర క్యూలో అడుగడుగునా క్లచ్ తొక్కే బాధ తప్పడమే ఈ బండి కొనడానికి చాలినంత కారణం. మైలేజీలో మీవంటి అనుభవజ్ఞుడు మామూలు గేర్లతోనూ దానికి తీసిపోకపోవచ్చు. చేయి తిరగని డ్రైవర్లు నడిపే బండికే ఎక్కువ మేలు.

ఓనరు గారికి చెప్పవలసినవి కూడా ఉన్నాయి. ఈ బండి ధర ఎక్కువ. గేరు బాక్సులో సెన్సరు చెడితే దారి పక్క మెకానిక్కు చేతికి అది లొంగకపోవచ్చు, కంపెనీ వర్క్‌షాపులో కంప్యూటరు పెట్టి చూడవలసి వస్తుంది. గాలితో పనిచేసే రకమైతే ట్యాంకులో ఒత్తిడి తగ్గినప్పుడు గేరు పడదు కనుక ఎయిర్ లీకులను అశ్రద్ధ చేయకూడదు. కొనేముందు మాన్యువల్ మోడ్, ఎగ్జాస్ట్ బ్రేకు, ఎగుడులో వెనక్కి జారకుండా పట్టే ఏర్పాటు ఉన్నాయో లేదో మీరే బండి ఎక్కి చూసుకోండి. తొలిసారి ఘాట్‌కు ఖాళీ బండితో, పగటిపూట వెళ్లండి.