బ్రేకుల చప్పుడుకి ముందు చెవి, తర్వాతే పానా

అమ్మాయ్,

బ్రేక్ నొక్కితే కారు కీచుమంటోందని, ప్యాడ్లూ డిస్కులూ అన్నీ మార్చేయాలని సర్వీస్ సెంటర్లో చెప్పారని నిన్న ఫోన్లో అన్నావు. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, ప్యాడ్లు దాన్ని రెండు వైపులా నొక్కి ఆపే దిమ్మలు. మార్చాల్సి రావచ్చు, రాకపోవచ్చు. చక్రం విప్పకుండా చెప్పిన మాట అది, అప్పుడే డబ్బు కట్టకు. ముందు ఆ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టు. సగం పని అదే.

పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు అద్దాలు దించి, ఏదైనా పొడవాటి ప్రహరీ గోడ పక్కగా 20 కిలోమీటర్ల వేగంతో నడుపు. గోడకు తగిలి చప్పుడు వెనక్కి వస్తుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి వింటే ఏ వైపు చక్రమో తెలిసిపోతుంది. పాటలు, ఏసీ రెండూ ఆపెయ్.

రాత్రి వాన పడి, పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకే బరబరమంటే అది డిస్కు మీద పట్టిన తుప్పు. దానంతట అదే పోతుంది, దాని జోలికి వెళ్లకు. బ్రేక్ నొక్కకపోయినా ఒకటే రాసుకుంటున్న చప్పుడొస్తే డిస్కు వెనకాల ఉండే పల్చటి రేకు వంగి తగులుతుండొచ్చు, లేదా మధ్యలో కంకర రాయి ఇరుక్కుని ఉండొచ్చు. మీ వీధిలో రోడ్డు పని జరుగుతోందన్నావు కదా, రాయి సంగతి ముందు చూడు. వేగంతో పాటు పెరుగుతూ, మలుపు తిప్పితే మారే హోరు మాత్రం బ్రేకుది కాదు, చక్రం సాఫీగా తిరిగేలా చేసే వీల్ బేరింగుది. నొక్కినప్పుడు మాత్రమే సన్నగా కీచుమంటే ప్యాడ్ అరిగి ఉండొచ్చు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ప్యాడ్ 2, 3 మిల్లీమీటర్లకు అరిగేసరికి అది డిస్కుకి తగిలి కూస్తుంది. ఇనుమూ ఇనుమూ ఒరుసుకున్నట్టు గరగరమంటే మాత్రం ఇక కారు తీయకు, మెకానిక్‌ని ఇంటికే పిలిపించు.

విప్పేటప్పుడు మీ సెల్లార్ ర్యాంపు మీద వద్దు, సమమైన నేల కావాలి. ముందు చక్రం ఎత్తుతున్నావు కాబట్టి హ్యాండ్ బ్రేక్ లాగి, గేర్లో ఉంచి, వెనక చక్రాలకు అటూ ఇటూ ఇటుకలు పెట్టు. నట్లు చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చెయ్యి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తిన కారు బరువు మోసే జాక్ స్టాండు కొనుక్కో, దానికి వెనకాడకు. స్టాండు లేకుండా కారు కింద చెయ్యి కూడా పెట్టకు, తల్లీ. ఈ ఒక్క విషయంలో నేను ఏ మాత్రం ఒప్పుకోను.

చక్రం తీశాక డిస్కుకి రెండు వైపులా ఉన్న ప్యాడ్లను టార్చి వేసి చూడు. బయటిది అందరికీ కనిపిస్తుంది, లోపలిదే మోసం చేస్తుంది. బయటిది 7 మిల్లీమీటర్లు, లోపలిది 2 ఉంటే ప్యాడ్ల నాణ్యతను తిట్టకు. ప్యాడ్లను పట్టుకుని డిస్కుకి నొక్కేది క్యాలిపర్, అది జారాల్సిన పిన్నులు బిగుసుకుపోయి ఉంటాయి. క్యాలిపర్ వెనక ఉన్న రెండు బోల్టులు విప్పి, దాన్ని తీగతో చక్రం వెనకున్న సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టు, బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకు. పిన్ను లాగి చూస్తే గ్రీజు ఎండి గోధుమరంగు పొడిలా కనిపిస్తుంది. వేళ్లతో తోస్తే కదలదు. శుభ్రంగా తుడిచి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, రబ్బరు తొడుగు చిరగకుండా మళ్లీ పెట్టు. మామూలు గ్రీజు రాస్తే ఆ రబ్బరు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. చాలా బండ్లలో కీచు చప్పుడు ఇక్కడే ఆగిపోతుంది, ప్యాడ్లకు ఇంకా ఆయువు ఉంటే అవే వేసుకోవచ్చు. ప్యాడ్ల పైభాగం అద్దంలా మెరుస్తుంటే ఉప్పు కాగితంతో కాస్త రుద్దు. డిస్కు మీద ఎవరు చెప్పినా నూనె కానీ, తుప్పు వదిలించే స్ప్రే కానీ కొట్టకు. చప్పుడుతో పాటు బ్రేకూ పోతుంది.

కొత్త ప్యాడ్లు వేయాల్సి వస్తే ఎడమ, కుడి చక్రాలు రెండింటికీ జతగానే వెయ్యి. క్యాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని పాత ప్యాడ్ అడ్డం పెట్టి క్లాంపుతో మెల్లగా వెనక్కి నెట్టు. అప్పుడు బానెట్ కింద ఉన్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుందేమో చూసుకో, అది పెయింటు మీద పడితే పొర లేచిపోతుంది. డిస్కు అంచు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. దానికంటే పల్చబడితేనే డిస్కు మార్చు, ఎవరో చెప్పారని కాదు.

నీ కారు వెనక చక్రాలకు డిస్కుల బదులు డ్రమ్ములుంటాయి, అంటే లోపలి నుంచి లైనర్లు ఒరుసుకుని ఆపే గుండ్రటి డబ్బాలు. వాటి లోపలి స్ప్రింగులు ఎగిరి కంటికి తగలొచ్చు, మొదటిసారి నీ చేత్తో విప్పొద్దు. లోపలి దుమ్మును నోటితో ఊదడం కానీ, గాలి కొట్టించడం కానీ అసలే వద్దు, తడిగుడ్డతో తుడవమని మెకానిక్‌కి చెప్పు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, పీల్చితే ఊపిరితిత్తులకు చేటు.

అన్నీ బిగించాక కారు కదపకముందే పెడల్ గట్టిపడేదాకా పదేపదే తొక్కు. మొదటి తొక్కుకి అది నేలదాకా పోతుంది, కంగారు పడకు, పిస్టన్ మళ్లీ ముందుకు రావాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి మెల్లగా ఎనిమిది, పది సార్లు తగ్గించు, మధ్యలో చల్లారనివ్వు. చక్రం నట్లు ఎదురెదురుగా బిగించి, 50 కిలోమీటర్లు తిరిగాక మరోసారి పానా వేసి చూడు. ఈ ఆదివారం గోడ పక్కన వచ్చిన చప్పుడుని ఫోన్లో రికార్డు చేసి పంపు, చక్రం విప్పకముందే నేనూ వింటాను.

ఆశీస్సులతో,
మామయ్య