సంధి, మతిభ్రమణం, అయోమయం

సందేహం: మా నాన్నగారికి తుంటి ఎముక ఆపరేషన్ జరిగింది. రెండో రోజు సాయంత్రం నన్ను మా మేనత్త పేరుతో పిలిచారు, సెలైన్ గొట్టం పీకబోయారు. డాక్టరు 'డెలీరియం' అన్నారు. నిఘంటువు 'మతిభ్రమణం' అంది. మా పెద్దమ్మ 'ఇది సంధి' అంది. నాలుగు రోజుల్లో ఆయన మామూలు మనిషయ్యారు. వీటిలో ఏ మాట సరైనది?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ పెద్దమ్మగారి మాటను తీసిపారేయకండి. వాతపిత్తకఫాలు మూడూ కలిసి ప్రకోపిస్తే ఆయుర్వేదం సన్నిపాతం అంది. సన్నిపాత జ్వరాలను 13గా చెప్పిన వరుసలో సంధికం, చిత్తవిభ్రమం, ప్రలాపకం అనే పేర్లున్నాయి. జనం నోట మాత్రం జ్వరం తలకెక్కి ఒళ్లు తెలియకుండా మాట్లాడడమంతా సంధే అయింది. (నాకైతే ఈ మాట వినగానే గుణసంధి గుర్తొస్తుంది. బడిపిల్లలకూ అంతే.)

'సంధి ప్రేలాపన' అంటే ఇప్పటికీ తెలుస్తుంది కానీ, రాజకీయ నాయకులు ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడి వాడి దాన్ని అరగదీశారు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ప్రేలాపన అంటే మాటలే కదా. ఈ స్థితిలో అందరూ వదరరు. కొందరు ఉలుకూ పలుకూ లేకుండా మగతగా పడుకుంటారు. 'నిద్రపోతున్నారులే' అని ఇంటివాళ్లు ఊరుకుంటారు. అదీ డెలీరియమే, పట్టుకోవడం మరీ కష్టమని వైద్యులు అంటారు.

కలవరింత నిద్రలోది, మతిమరుపు వేరే సంగతి. మతిభ్రమణం మాత్రం వద్దే వద్దు. అది వినగానే మనవాళ్లకు పిచ్చి అనే తోస్తుంది. ఇదేమో గంటల్లో మొదలై, పగలు తగ్గినట్టుండి పొద్దుగూకేసరికి పెరిగి, చాలామందిలో కొద్ది రోజులకే సర్దుకుంటుంది. కొన్ని మందులు, నొప్పి, ఇన్ఫెక్షన్, నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం దీన్ని తెచ్చిపెడతాయి. కళ్లజోడు, వినికిడి యంత్రం తీసి పక్కన పెట్టేయడం కూడా ముదిరేలా చేస్తుంది.

లాటిన్‌లో 'లీరా' అంటే దుక్కిలో నాగటి చాలు. డెలీరియం అంటే చాలు తప్పడం. మనకు 'మతి తప్పడం' ఉండనే ఉంది! దారి తప్పినవాడు దారిలో పడతాడు, స్పృహ తప్పినవాడు తేరుకుంటాడు. తిరిగి కుదురుకోవచ్చన్న ధ్వని 'తప్పు'లో ఉంది, 'భ్రమణం'లో లేదు. అందుకే ఇంటి మాటల్లో 'మతి తప్పింది' అనండి. రాతలో 'శస్త్రచికిత్స తర్వాతి తాత్కాలిక అయోమయం' అనవచ్చు. అయోమయానికి సంస్కృతంలో 'ఇనుముతో చేసినది' అని అర్థం. తెలుగులో ఆ ఇనుము ఎప్పుడో తుప్పు పట్టిపోయింది, భయం లేదు. 'శస్త్రచికిత్సానంతర' అన్నా సవర్ణదీర్ఘసంధి కుదురుతుంది గానీ, వార్డు గోడమీద అది చదివితే రోగితోపాటు బంధువులూ అయోమయంలో పడతారు.

వైద్యుడికి చెప్పేటప్పుడు ఈ పేర్లేవీ అక్కర్లేదు. 'పొద్దున బాగానే ఉన్నారు, ఇప్పుడు నన్ను గుర్తుపట్టడం లేదు' అని వెంటనే చెప్పండి.