సిగ్నల్ నిండుగా ఉన్నా మాట ఎందుకు తెగుతుంది?

ప్రశ్న: రాత్రి తొమ్మిది గంటల వేళ మా మేడ మీద ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంటుంది, మామూలు కాల్ స్పష్టంగా వినిపిస్తుంది. కానీ అమెరికాలో ఉన్న మా అమ్మాయికి వాట్సాప్‌లో కాల్ చేస్తే మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. కింది గదిలో ఇందుకు వ్యతిరేకం: వాట్సాప్ సందేశాలు వస్తాయి గానీ మామూలు కాల్ మధ్యలో కట్ అవుతుంది. సిమ్ ఒకటే, టవర్ ఒకటే. ఈ తేడా ఎందుకు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు గమనించిన రెండు సమస్యలకూ కారణాలు వేరు. ముందు మేడ సంగతి చూద్దాం. ఫోన్ మీద కనిపించే గీతలు టవర్ నుంచి వచ్చే తరంగాల బలాన్ని మాత్రమే చెబుతాయి. అదే సమయంలో ఆ టవర్‌ను ఎంతమంది పంచుకుంటున్నారో చెప్పవు. రెండేసి యాంటెన్నాలతో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న తరంగాల పట్టీ మీద పనిచేసే 4జీ సెల్ (అంటే టవర్ ఒక వైపుకు సేవ అందించే ప్రాంతం) ఇవ్వగలిగిన గరిష్ఠ వేగం సిద్ధాంతరీత్యా సెకనుకు 150 మెగాబిట్లు. రాత్రి భోజనాల వేళ ఊరంతా వీడియోలు చూస్తుంటే ఆ మొత్తమే అందరికీ పంపకమవుతుంది.

అయినా మామూలు కాల్ చెడకపోవడానికి కారణం ఉంది. 4జీలో మాట కూడా డేటాలాగే ప్యాకెట్లుగానే, అంటే చిన్న చిన్న ముక్కలుగా వెళుతుంది. దాన్నే వోల్టీ అంటారు. 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున బయలుదేరే ఈ ప్యాకెట్లలోని మాటకు కావలసిన వేగం, మేలైన నాణ్యతతో కూడా, సాధారణంగా సెకనుకు 24 కిలోబిట్ల చుట్టూనే ఉంటుంది. అంత కొద్దిపాటి చోటు కాబట్టి నెట్‌వర్క్ దాన్ని ముందే కేటాయిస్తుంది. 100 మిల్లీసెకన్లలోపు చేర్చాలన్న గడువు కూడా ప్రమాణాల్లోనే ఉంది. వాట్సాప్ కాల్ మనకు కాలే అయినా, నెట్‌వర్క్ దృష్టిలో అది పక్కింటివారి సినిమాతో సమానమైన ఇంటర్నెట్ డేటా. ఆర్టీసీ బస్సులో మామూలు కాల్‌ది రిజర్వేషన్ సీటు. వాట్సాప్ కాల్‌ది రద్దీలో నిలబడే ప్రయాణం. అమ్మాయితో మాట్లాడటానికి రద్దీ తగ్గిన ఉదయం వేళను ఎంచుకున్నా, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై మీద మాట్లాడినా స్పష్టంగా తేడా తెలుస్తుంది.

ఇక కింది గదిలో సమస్య రద్దీ కాదు, గోడలు. తరంగాల పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడలను దాటే శక్తి తగ్గుతుంది. 2300 మెగాహెర్ట్జ్ తరంగాలు 850 మెగాహెర్ట్జ్ తరంగాల కంటే త్వరగా నీరసిస్తాయి. పైగా టవర్ పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంటే, 4జీ ఫోన్ సాధారణంగా పంపగలిగేది 0.2 వాట్లే. అందుకే బలహీనమైన చోట అవతలివారి మాట మీకు వినిపిస్తున్నా, మీ మాట వారికి చేరకపోవడం తరచుగా జరుగుతుంది. సందేశం ఒకసారి దారితప్పినా మళ్ళీ మళ్ళీ పంపవచ్చు, నాలుగు సెకన్లు ఆలస్యమైనా ఎవరూ గుర్తించరు. మాటకు అలాంటి వెసులుబాటు లేదు; ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ రానట్టే లెక్క.

మీ గదికి నేను సూచించే మార్గం వైఫై కాలింగ్. 2019 చివర నుంచి మన దేశంలో అందుబాటులోకి వచ్చిన ఈ సదుపాయంతో, మీ నంబరుకు వచ్చే మామూలు కాల్ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదుగా వస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటే చాలు, ఎక్కువ కంపెనీల దగ్గర దీనికి ప్రత్యేక రుసుము లేదు.

బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే కంపెనీకి ఫిర్యాదు చేయడమే దారి. తెగిపోయే కాల్స్ 2 శాతానికి మించరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం ఉన్నా, అది నెట్‌వర్క్ మీద వేసే లెక్క గనుక ఒక గదిలోని కష్టం అందులో కనిపించదు. కాబట్టి వివరాలు మీరే ఇవ్వాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అబౌట్ ఫోన్ కింద సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో ఉంటుంది. 4జీలో మైనస్ 85 అయితే బాగున్నట్టు, మైనస్ 115 అయితే కాల్ నిలవడం కష్టం. ఆ అంకెను, సమయాన్ని, చిరునామాను కస్టమర్ కేర్‌కు చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. పరిష్కారం దొరకకపోతే ఆ సంఖ్యతోనే అదే కంపెనీలోని అప్పిలేట్ అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.