ఇత్తడి సీసా, మరిగే నీళ్ళు: పాఠకుల ప్రశ్నలకు మాజీ ఆర్మరర్ జవాబులు

నేను సైన్యంలో యంత్రాలు, ఆయుధాలు మరమ్మతు చేసే ఈఎంఈ కోర్‌లో 26 ఏళ్ళు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా చేసి సుబేదారుగా రిటైరయ్యాను. ఇప్పుడు సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంటున్నాను. తుపాకుల గురించి అడగమంటే అందరూ ఎంత దూరం కొడుతుంది, ఎన్ని గుండ్లు పడతాయి అనే అడుగుతారనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా శుభ్రం చేయడం గురించే. నా జీవితమంతా చేసిన పని అదే కాబట్టి చాలా సంతోషమేసింది. అందుకే ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సుబేదారుగారికి నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళొచ్చారు. ఈమధ్య పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద వేలెడంత ఇత్తడి సీసా దొరికింది. మర మూత, ఆ మూతకే అతికి లోపలికి వేలాడే సన్నటి చెంచా ఉన్నాయి. నానమ్మ అందులో ఆముదం పోసుకునేదని అమ్మ అంటుంది. అది తాతయ్య సామానేనా? ఫైరింగ్ అయ్యాక రైఫిల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళమని ఆయన చెప్తే మేమంతా నవ్వేవాళ్ళం. ఇనుములో నీళ్ళు పోస్తే తుప్పు పట్టదా?

జవాబు: అమ్మా, ఎంతోమందిని సైన్యానికి పంపిన మిలటరీ మాధవరం ఆడపడుచు దగ్గర్నుంచి ఉత్తరం రావడమే నాకు గౌరవం. మీరు రాసిన గుర్తులన్నీ చూస్తే అది లీ-ఎన్‌ఫీల్డ్ .303 రైఫిల్ తాలూకు నూనె సీసాయే. ఆ రైఫిల్‌కి భుజానికి ఆనించే భాగం, అంటే బట్, దాని చివర ఇత్తడి పలకలో చిన్న తలుపు ఉంటుంది. అది తెరిస్తే లోపల గూడు. అందులో ఈ సీసా, దాంతోపాటు బ్యారెల్‌లోంచి గుడ్డని లాగి తుడిచే పుల్‌త్రూ తాడు చుట్టి ఉండేవి. శుభ్రం చేసే సామాను సిపాయి విడిగా మోయనక్కర్లేదు, రైఫిల్ కడుపులోనే ఉంటుంది. మూతకి ఆ చెంచా ఎందుకంటే, సీసా వంచితే నూనె ధారగా కారిపోతుంది. చెంచాతో అయితే కావలసిన చోట ఒక్క బొట్టు వేయొచ్చు. నానమ్మగారు కూడా ఆముదం అలాగే బొట్టు బొట్టుగా తీసుకుని ఉంటారు.

ఇక మరిగే నీళ్ళ సంగతి. తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. ఇన్నాళ్ళూ ఎవరూ నమ్మకపోవడం నాకు బాధగా ఉంది.

ఆ రోజుల్లో తూటా వెనక ఉండే క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారి బ్యారెల్ గోడలకు పట్టుకుంటుంది. అది మన వంటింటి ఉప్పుకి తోబుట్టువు లాంటిది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఎలా చెమ్మగిల్లుతుందో, బ్యారెల్‌లోని ఉప్పు కూడా గాలిలోని తేమని అలాగే లాక్కుంటుంది. ఉక్కు మీద తడి ఉప్పు పడితే ఒక్క రాత్రి చాలు. పొద్దున చూస్తే లోపల ఎర్రటి పొడి కనిపిస్తుంది. బర్మా వానల్లో ఇంకెలా ఉండేదో ఊహించుకోండి.

చాలామంది పొరపడేది ఇక్కడే. నూనె రాస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. ఉప్పు నూనెలో కరగదు, కిరోసిన్‌లోనూ కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. కడగకుండా నూనె రాస్తే ఉప్పు ఆ నూనె కిందే ఉండి తన పని తాను చేసుకుంటూ పోతుంది. బ్యారెల్ మాత్రం పైకి నిగనిగలాడుతుంది. అందుకే బ్యారెల్ వెనక మూసే బోల్ట్ తీసేసి, బ్రీచ్‌లో, అంటే బ్యారెల్ వెనక చివర గరాటా పెట్టి, మరిగే నీళ్ళు గుండు బయటికొచ్చే మజిల్ దాకా ధారగా పోసేవారు. మరిగే నీళ్ళే ఎందుకంటే వాటితో ఉక్కు వేడెక్కుతుంది, నీళ్ళు పోయాక మిగిలిన తడి ఆ వేడికి ఆరిపోతుంది. తర్వాత పొడి గుడ్డ లాగి, చివర్న నూనె. వేడి నీళ్ళు దొరక్కపోతే చన్నీళ్ళతో కడిగినా ఉప్పు పోతుంది, కాకపోతే ఆరబెట్టడానికి రెట్టింపు శ్రమ పడాలి. ఇప్పుడు చాలా సైన్యాలు వాడే తూటాల్లో ఆ ఉప్పు మిగిల్చే మందు లేదు. అందుకే ఆ పద్ధతి నా తరానికే దాదాపు అయిపోయింది.

సీసా దాచుకోండి, చింతపండుతో మరీ తోమేయకండి. ఇత్తడి మీద ముద్రలుంటే అరిగిపోతాయి. ఒక్క జాగ్రత్త. అదే అటక మీద తూటాలు కూడా దొరికితే జ్ఞాపకమని ఉంచుకోవద్దు. లైసెన్స్ లేకుండా తూటా దగ్గర పెట్టుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. వాటిని కదపకుండా పోలీసులకు చెప్పండి.

ప్రశ్న: సార్, నేను నూజివీడులో డిగ్రీ చదువుతున్నాను, ఎన్‌సీసీ కాడెట్‌ని. క్యాంప్‌లో .303 మీద పుల్‌త్రూ వాడటం నేర్పారు. దానికి మూడు లూపులు ఎందుకు? నేను మజిల్ దగ్గర తాడుని పక్కకి లాగానని శిక్షణ ఇచ్చే మా పీఐ స్టాఫ్ చాలా కోప్పడ్డారు. అంత తప్పేంటి?

జవాబు: తల్లీ, కోప్పడ్డాయన మంచి పని చేశారు.

మీ ఊళ్ళో పాత నుయ్యి ఏదైనా ఉంటే వెళ్ళి గట్టు రాయి చూడు. చేద తాడు ఒరిసీ ఒరిసీ రాయిలో గాడి పడి ఉంటుంది. తాడు మెత్తన, రాయి గట్టి, అయినా గాడి పడింది. బ్యారెల్ కూడా అంతే. తాడుకి దుమ్ము అంటుకుంటుంది, రోజూ ఒకే పక్కకి లాగితే మజిల్ అంచు ఆ పక్కన అరుగుతుంది. గుండు బయటికి వచ్చేటప్పుడు చివరగా తాకేది ఆ అంచునే. చుట్టూ సమానంగా వదలాల్సిన గుండుని ఒక పక్క ముందు వదిలితే వెనకనున్న గ్యాస్ ఆ పక్క నుంచి తోస్తుంది. గుండు దారి తప్పుతుంది. రైఫిల్ చూడ్డానికి కొత్తదిలా ఉంటుంది, గురి మాత్రం కుదరదు. కాల్చి చెడిపోయిన బ్యారెళ్ళే కాదు, తుడిచి చెడిపోయినవీ నేను చాలా చూశాను.

కాబట్టి ఇత్తడి బరువుని బ్రీచ్ వైపు నుంచి జారవిడిచి, మజిల్ నుంచి బయటికి రానిచ్చి, బ్యారెల్‌కి సూటిగా ఒక్క ఊపున లాగాలి. మధ్యలో ఆపకూడదు. ఇద్దరుంటే ఒకరు రైఫిల్ పట్టుకుంటే మంచిది.

మూడు లూపుల్లో బరువుకి దగ్గరున్నది వైర్ గాజ్‌కి. అంటే సన్నటి ఇనుప తీగల జాలీ. మొండి తుప్పుకి తప్ప వాడకూడదు, అదీ పైవాళ్ళు చెప్తేనే, నూనె పట్టించి మాత్రమే. మధ్యది చిందీకి, అంటే తుడిచే గుడ్డ ముక్కకి. చివరిది ఏదైనా ఇరుక్కుపోతే వెనక్కి లాగి తీయడానికి. చిందీ శుభ్రం చేసేటప్పుడు 4 అంగుళాలు బై 2 అంగుళాలు, నూనె వేసేటప్పుడు 4 బై ఒకటిన్నర. నూనె చిందీ కాస్త వదులుగా ఉండాలి, బిగుతుగా ఉంటే వేసిన నూనెని అదే పిండేస్తుంది. ఈ కొలతలు .303కి చెప్పినవి. మీ .22 రైఫిల్ బ్యారెల్ సన్నన, గుడ్డ కూడా దానికి తగ్గట్టు చిన్నదే.

ఈ కొలతల విలువ నాకు మొదటి ఏడాదే తెలిసింది. రంగరూటుగా ఉన్నప్పుడు ఎస్ఎల్ఆర్ రైఫిల్ తొందరగా శుభ్రం అవుతుందని రెండు చిందీలు కలిపి పెట్టాను. సగంలో ఇరుక్కుంది. ఇంకా గట్టిగా లాగితే తాడు తెగింది. సాయంత్రం ఇన్‌స్పెక్షన్, నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. ఆర్మరర్ హవల్దార్ ఒక్క మాట కూడా అనకుండా రాడ్ నూనెలో ముంచి, మజిల్ నుంచి కొద్దికొద్దిగా తడుతూ గంటసేపు కూర్చున్నాడు. బ్యారెల్ మీద ఒక్క గీత పడలేదు. ఆయన చేతులు చూస్తూ కూర్చున్న ఆ గంటలోనే నాకీ పని మీద మనసు పడింది.

ప్రశ్న: ఏకే-47ని శుభ్రం చేయక్కర్లేదు, బురదలోంచి తీసి కాల్చొచ్చు అంటారు. నిజమా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: బాబూ, ఆ రైఫిల్ తయారు చేసినవాళ్ళే ఆ మాట అనలేదు. బ్యారెల్ కింద శుభ్రం చేసే రాడ్ తగిలించారు, బట్‌లో గూడు చేసి చిన్న ఇనుప డబ్బీలో బ్రష్షు, తుడుపు ముక్క పెట్టారు. ఆ డబ్బీయే రాడ్‌కి పిడిగా పనికొస్తుంది. అక్కర్లేనిదైతే ఇంత ఏర్పాటు ఎందుకు? దాని భాగాల మధ్య సందు ఎక్కువ, ఖోకా, అంటే గుండు పోయాక మిగిలే తూటా గొట్టం, కాస్త కోసుగా ఉండటంతో తూటా కూర్చునే ఛాంబర్‌లోంచి సులువుగా వదులుతుంది, బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉంటుంది. అందుకని మురికిని ఎక్కువ ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడం వేరు, శుభ్రం అవసరం లేకపోవడం వేరు. గ్యాస్ పిస్టన్ మీద మసి గడ్డకట్టిన ఏకేలు నా బెంచీ మీదకి చాలానే వచ్చాయి.

"శుభ్రం చేయక్కర్లేదు" అన్న మాట ఎంత పని చేస్తుందో వియత్నాంలో తెలిసింది. అమెరికా సైన్యం ఎం-16 కొత్తగా ఇచ్చినప్పుడు దానికి పెద్దగా శుభ్రం అక్కర్లేదన్న మాట పాకింది. కిట్లు చాలినన్ని పంపలేదు. మరోవైపు తూటాలో మందు మార్చారు, కొత్త మందుకి మసి ఎక్కువ. ఛాంబర్‌కి క్రోమ్ పూత లేదు, ఆ ఉక్క దేశంలో తుప్పు గుంటలు పడ్డాయి. కాల్చిన ఖోకా ఆ గుంటల్లో పట్టేసి బయటికి వచ్చేది కాదు. 1966, 67లో ఎదురుగా శత్రువు కాలుస్తుంటే సిపాయి మజిల్‌లోంచి రాడ్ దూర్చి ఖోకాని పొడిచి తీయాల్సి వచ్చింది. ఆ రాడ్ కూడా అందరి దగ్గరా లేదు. చనిపోయినవాళ్ళ పక్కన ఖోకా ఇరుక్కున్న రైఫిళ్ళు దొరికాయి. 1967లో అమెరికా పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. తర్వాత ఛాంబర్‌కి క్రోమ్ వేశారు, కిట్లు పంచారు, 1968లో సిపాయిలకు అర్థమయ్యేలా బొమ్మలతో చిన్న పుస్తకం వేసి ఎలా తుడవాలో నేర్పారు. లోపం డిజైన్‌దా, మందుదా, కిట్‌దా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా లెక్కలో మూడూ కలిశాయి. కానీ చేతిలో బ్రష్షు ఉన్న కుర్రాడికి బతికే అవకాశం ఎక్కువ ఉండేది. ఆ ఖోకాల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఒకలా అయిపోతుంది.

ప్రశ్న: నేను ఎక్స్-సర్వీస్‌మన్‌ని, మచిలీపట్నంలో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాను. సొంత లైసెన్స్ మీద 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉంది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తిరిగి తెచ్చుకుంటే తుప్పు పట్టి ఉంది. కొబ్బరినూనె రాసి, మజిల్స్‌లో గుడ్డ కుక్కి, కాన్వాస్ కవర్లో పెట్టే ఇచ్చాను. ఏం చేయాలి?

జవాబు: అన్నా, మీరు ప్రేమతో చేసిన మూడు పనులూ దానికి కీడే చేశాయి. గుడ్డ తేమని పీల్చి బ్యారెల్‌లోనే ఉంచుతుంది. అది తీయడం మర్చిపోయి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది, మీ ప్రాణానికే ముప్పు. కాన్వాస్, తోలు కవర్లు మోసుకెళ్ళడానికే, దాచడానికి కావు. మీది సముద్రపు గాలి ఊరు, కవర్లో పట్టిన చెమ్మ బయటికి పోదు. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, వంటనూనెలు ఏవైనా రోజులు గడిచేకొద్దీ జిగురుగా మారతాయి.

డిపాజిట్‌కి ముందు తూటాలు వేరే గదిలో పెట్టి, గన్‌ని మధ్యలో మడిచి తెరిచి రెండు గొట్టాలూ ఖాళీయేనని వెలుతురుకి పట్టి చూడండి, వేలితో కూడా తడమండి. లోపలా బయటా పొడిగా తుడిచి, గన్ ఆయిల్ పలచగా వేయండి. నెలలపాటు కదపరని తెలిస్తే సైన్యం స్టోర్లలో మినరల్ జెల్లీ పూస్తుంది. మీరు వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ లోపలా బయటా పొరగా పూయొచ్చు. ఆ తర్వాత ఉక్కుని ఒట్టి చేత్తో ముట్టుకోకండి, వేళ్ళ చెమటలోనూ ఉప్పే ఉంటుంది. తిరిగి తెచ్చుకున్నాక జెల్లీ మొత్తం తుడిచి గొట్టాలు పొడిగా ఉన్నాకే తూటా పెట్టాలి. కర్రకి అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేత్తో వేడెక్కేదాకా రుద్దండి. పాత .303 కర్రలకు కూడా అదే పట్టించేవారు. ఇప్పుడు పట్టిన తుప్పుని గరుకు కాగితంతో గీకొద్దు, లైసెన్స్ ఉన్న గన్ రిపేరు షాపులో చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయి లేహ్ వైపు ఉన్నాడు. చలిలో తను బంకర్‌లో వెచ్చగా పడుకుని, రైఫిల్ మాత్రం వెచ్చని చోటికి తేనని ఫోన్లో చెప్పాడు. అది దగ్గర లేకపోతే ఎలా అని నాకు టెన్షన్‌గా ఉంది. నేనేమైనా పంపాలా? (ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చేస్తున్నది సరైన పని. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి బయట నీళ్ళు పడతాయి చూశారా, గడ్డకట్టిన రైఫిల్‌ని వెచ్చని గదిలోకి తెస్తే దానికీ అలాగే చెమట పడుతుంది. ఆ తడి బోల్ట్‌లోకి, ఫైరింగ్ పిన్ దాకా దిగుతుంది. మళ్ళీ బయటికి తీసుకెళ్తే అక్కడే మంచు కడుతుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలదు. అందుకే చలిలోనే, కాపలా కళ్ళ ముందే ఉంచుతారు, ఎవరూ చూడని చోట వదిలేయరు. మామూలు నూనె కూడా అక్కడ చిక్కబడి భాగాలను పట్టేస్తుంది, దాదాపు పొడిగా తుడిచేస్తారు. మన ఊళ్ళో నూనె వేయడం ఎంత అవసరమో అక్కడ తీసేయడం అంత అవసరం.

రైఫిల్‌కి కావలసినవన్నీ యూనిట్‌లో ఇస్తారు. పంపాలని మనసుంటే ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్కలు పంపండి. పోగులు ఊడని నూలు గుడ్డ పైపైన తుడవడానికి ఎప్పుడూ చాలదు. మా అమ్మ సున్నుండల డబ్బాలో అడుగున అవే పరిచి పంపేది.